వంగి చూడని అడుగు

పోశయ్య తన బతుకులో అడుగు చూడకుండా జంతువు పేరు చెప్పింది ఒక్కసారే. ఖర్మ కాలి ఆ ఒక్కసారి చెప్పిందే కాగితం మీదికి ఎక్కింది.

దుబాయ్ అల్ ఖూజ్‌లో టైర్ల గోదాముకూ కారు పెయింట్ల షాపుకూ నడుమ ఒక పెద్ద షెడ్డులో మంచు హాలు ఉంది. బయట జూలై ఎండ నలభై ఆరు దాటుతుంటే లోపల మైనస్ మూడు. జనం టికెట్టు కొని, అద్దె కోట్లూ అద్దె బూట్లూ తొడుక్కుని, ఒక గంటసేపు ఆ మంచులో జారి, పడి, ఫోటోలు దిగి, ముక్కులు తుడుచుకుంటూ వెళ్ళిపోతారు. రోజూ పొద్దున అయిదింటికే వచ్చి వాళ్ళు తొక్కేసిన మంచును మళ్ళీ మంచులా చేసి పెట్టేది పోశయ్య. కొత్త మంచును పలకపారతో పరచాలి, గడ్డకట్టినదాన్ని పగలగొట్టాలి, మురికి మంచును వెనక షట్టరు గుండా పెరట్లోకి తోసెయ్యాలి. మంచిర్యాల జిల్లా జన్నారం పక్క పల్లెలో పుట్టినవాడు, దుబాయ్‌కి వచ్చేదాకా మంచంటే చలికాలం పొద్దున గడ్డి మీద కనపడే తడి అనుకున్నవాడు, ఇప్పుడు ఆ మంచుతోనే నడుం విరగ్గొట్టుకుంటున్నాడు.

అతనికి హాల్లో ఒక పేరుంది. దుబాయ్‌కి రాకముందు ఆరేళ్ళు అడవిలో రోజుకూలీ వాచరుగా పనిచేశాడు. జంతువుల లెక్కలప్పుడు జీపులు దిగిన ఆఫీసర్లు కూడా అతని వెనకే నడిచేవారు. సగం చెరిగిన అడుగు ముందు గొంతుక్కూర్చుని, లేచేసరికి అది ఆడదో మగదో, ఎప్పుడు పోయిందో, తీరిగ్గా పోయిందో బెదిరి పోయిందో చెప్పేవాడు. హాల్లోనూ ఒకసారి లైటు స్తంభాన్ని బండితో గుద్దేసి తప్పుకున్నదెవరో మంచులో బూటు గుర్తు చూసి తేల్చాడు. ఆనాటి నుంచీ అతను చెబితే చెప్పినట్టే. ఆ పేరంటే పోశయ్యకు ప్రాణం. దేశం కాని దేశంలో పార పట్టుకున్న మనిషికి అదొక్కటే సొంత ఆస్తి.

ఆ రోజు ఏం జరిగిందంటే, ముందురోజు ఒక తల్లి తన పిల్లను కూర్చోబెట్టబోయిన జారుడుబండిలో ఏదో జంతువు మలం చూసి, ఫోటో తీసి, హెడ్డాఫీసుకు పంపింది. దాంతో మేనేజరు మహీధర్ పొద్దున ఆరింటికే ఊడిపడ్డాడు. భీమవరం మనిషి, చెడ్డవాడేమీ కాదు, కానీ పైనుంచి ఫోనొస్తే కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. హాలు నడుమ కొత్త మంచు మీద ఈ గోడ నుంచి ఆ గోడకు అడుగుల వరుస ఉంది. మహీధర్ దాని పక్కన నిలబడి, ఏంటయ్యా ఇది అని కేకేశాడు. పోశయ్య నలభై అడుగుల దూరంలో, వాలు మీద ఇరుక్కుపోయిన పారను పీకుతున్నాడు. రాత్రంతా నడుం నొప్పి. కిందికి దిగాలి, వంగాలి, చూడాలి. పెరట్లో ఎలాగూ అయిదు పిల్లులున్నాయి.

"పిల్లి సార్" అన్నాడు అక్కణ్ణుంచే.

మహీధర్ సరేనని వెళ్ళిపోయాడు. పోశయ్య తన పద్ధతి ప్రకారం, తన పారతోనే, ఆ అడుగులన్నీ చదును చేసేశాడు.

మధ్యాహ్నానికల్లా మెయిల్ వెళ్ళింది. అటవీశాఖలో పనిచేసిన అనుభవమున్న మా సిబ్బంది పోశయ్య పరిశీలించి అది పిల్లి అని నిర్ధారించాడు, ఆ పిల్లులకు మా శుభ్రపనివాళ్ళలో ఒకామె తిండి పెడుతోంది అని. ఆ ఒకామె జమీలాబీ. రాయచోటి నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. అద్దె బూట్లు కడిగి ఆరబెట్టడం ఆమె పని. తన డబ్బాలో మిగిలిన అన్నం పెరట్లో పిల్లులకు పెడుతుంది. పెట్టకూడదని గోడ మీద నాలుగు భాషల్లో రాసుంది. హెడ్డాఫీసు ఆ సాయంత్రానికే తేల్చేసింది: నెలాఖరుకి వీసా క్యాన్సిల్, ఇంటికి టికెట్టు. ఆమె కూతురి నర్సింగు చదువు ఇంకా రెండేళ్ళు ఉంది.

ఈ కబురు పోశయ్యకు మర్నాడు పొద్దున, హాల్లోకి అడుగుపెట్టే ముందు తెలిసింది. లోపలికి వెళ్ళి లైట్లు వేస్తే మళ్ళీ అదే వరుస, అదే దారి. ఈసారి వంగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పక్కనుంచి టార్చి వేసి చూశాడు.

అడుగులు గుండ్రంగా లేవు, కోలగా ఉన్నాయి. నడిమి వేళ్ళు రెండూ ముందుకు సాగి ఉన్నాయి. వాటి కొసన సూదితో గుచ్చినట్టు గోళ్ళ గుర్తులు. పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది, అవి నేల మీద పడవు. మెత్త భాగం కాస్త మసకగా, కాలి కింద వెంట్రుకలున్నట్టు ఉంది. పైగా ముందుకాలు పెట్టిన చోటే వెనక్కాలు పెడుతూ, తాడు పట్టి గీసినట్టు ఒకటే వరుస. అడవిలో మొదటి నెల వాచరు కూడా చెప్పేస్తాడు. అది గుంటనక్క. గోదాముల వెనక ఖాళీ ఇసుకలో ఉండేది ఎండకు తాళలేక, పెరట్లో కరిగిన మంచునీళ్ళకు వచ్చి, షట్టరుకి వేలాడే రబ్బరు పట్టీల సందున దూరి, చల్లగా ఒక చుట్టు తిరిగి పోతోంది.

పోశయ్యకు తల తీసేసినట్టయింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. ఒక్కసారి వంగి ఉంటే సరిపోయేది.

నేరుగా మహీధర్ దగ్గరికి పోయి, అది పిల్లి కాదు, గుంటనక్క అన్నాడు. మహీధర్ నవ్వాడు. నిన్న పిల్లి, ఇవాళ నక్క, రేపు పులా అని అడిగాడు. ఆమె మీద జాలితో అంటున్నావు, నాకు తెలుసు, నాకూ జాలే, కానీ హెడ్డాఫీసుకి జాలి పంపితే సరిపోదు, రుజువు కావాలి అన్నాడు. హాల్లో కెమెరా ఉంది కదా అని పోశయ్య అంటే, దాని అద్దం మీద మంచు పేరుకుని నెల దాటిందని తెలిసింది. బాగుచెయ్యమని రాశారట. రాసినది ఎక్కడో ఉందట.

ముందురోజు చూడలేదనే సంగతి మాత్రం పోశయ్య ఆ గదిలో నోరు విప్పి చెప్పలేకపోయాడు. రుజువు దొరికితే ఇక ఆ మాటతో పనే ఉండదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. జమీలాబీకీ ఏమీ చెప్పలేదు. నక్క అని చెబితే మరి మొదట పిల్లి అని ఎందుకన్నావని అడుగుతుంది. అందుకని బూట్ల గది వైపు పోవడమే మానేసి, టీకి కూడా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

మూడో రోజు ఫోటో తీశాడు. తెల్ల మంచులో తెల్ల గుంట. పైకప్పు నిండా లైట్లు, ఏ వైపూ నీడ పడదు. ఫోటోలో చూస్తే ఉతికిన దుప్పటి కనపడింది తప్ప అడుగు లేదు. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో ఫోను పట్టుకుని మళ్ళీ ప్రయత్నిస్తే ఆ చలికి పాత ఫోను కన్ను మూసింది. బయట ఎండలో పెడితే బతికింది. లోపలికి తెస్తే మళ్ళీ పోయింది. నాలుగుసార్లు అలా తిరిగి, చేతిలో ఫోనును గోడకేసి కొట్టబోయి, రూములో ఇంకో ఫోను లేదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

నాలుగో రోజు మహీధర్‌నే తెచ్చి చూపిద్దామనుకున్నాడు. మంచి అడుగు ఒకటి ఎంచి, దాని మీద ప్లాస్టిక్ తొట్టి బోర్లించి ఆఫీసుకు పరిగెత్తాడు. మహీధర్ ఫోన్లో ఉన్నాడు. పావుగంట బయట నిలబెట్టాడు. తీరా ఇద్దరూ వచ్చేసరికి, మంచు మిషను నడిపే షాహబాజ్ దారికి అడ్డంగా ఉన్న తొట్టిని తీసి పక్కన పెట్టి, ఆ చోట రెండంగుళాల కొత్త మంచు కురిపించేశాడు. పెషావర్ మనిషి, ఎప్పుడూ తన పనిలో వంక పెట్టించుకోడు. పోశయ్యను చూసి, బాగా చేశానా భాయ్ అన్నట్టు బొటనవేలు చూపించాడు. అతన్ని తిట్టడానికి పోశయ్యకు ఒక్క కారణం దొరకలేదు. అది మరీ మండించింది.

ఆ సాయంత్రం రూములో దేవేందర్‌ను అడిగాడు. వాళ్ళ ఊరివాడే, ఫాల్స్ సీలింగ్ పని చేస్తాడు. పీఓపీ పొడి, అదే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, కాస్త కావాలంటే ఒక కవరు నిండా తెచ్చిచ్చాడు. అడవిలో పులి అడుగులు ఎత్తింది దానితోనే. పొడి నీళ్ళలో కలిపి అడుగులో పొయ్యడం, అరగంట ఆగడం, ఎత్తడం. పోశయ్య ఇలా వందసార్లు చేసి ఉంటాడు. కళ్ళు మూసుకుని చెయ్యగలిగిన పని.

మట్టిలో చెయ్యగలిగిన పని. పీఓపీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మట్టికి ఆ వేడి ఒక లెక్కలోది కాదు. మర్నాడు పొద్దున పోస్తే మంచు మాత్రం ఆ వేడికి కిందికి కిందికి కరిగిపోయి, అడుగు కాస్తా గుంట అయి, అరగంట తరువాత పోశయ్య చేతికి రెండు కిలోల ముద్ద వచ్చింది. ఆ తెలివితక్కువతనం చాలదన్నట్టు, దాన్నీ తీసుకెళ్ళి మహీధర్ బల్ల మీద పెట్టాడు, గోళ్ళ గుర్తులు కాస్త ఉన్నాయేమోనన్న ఆశతో. మహీధర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, పక్క సీటు గుమాస్తాకి చూపించి, ఇది ఏనుగుది కూడా అయ్యుండొచ్చు అన్నాడు. ఇద్దరూ నవ్వారు. పోశయ్య ఆ ముద్దను చంకన పెట్టుకుని బయటికి వచ్చి, చెత్తడబ్బాలో వెయ్యకుండా గోడకు కొట్టాడు. పగల్లేదు. పీఓపీ మాత్రం మేలు రకం.

తరువాత గురువారం పోశయ్యకు వారపు సెలవు. ఆ రోజే ఆఫీసువాళ్ళు పురుగులూ ఎలుకలూ పట్టే కంపెనీని పిలిపించి, పెరట్లో పిల్లులన్నిటినీ బోనుల్లో పట్టించి పంపేశారు. శుక్రవారం పొద్దున ఆ సంగతి విని పోశయ్య మొదట నొచ్చుకున్నాడు. తరువాత లైటు వేసి చూస్తే కొత్త మంచు మీద నిక్షేపంలా వరుస, ఈ గోడ నుంచి ఆ గోడకు. సంతోషం పట్టలేకపోయాడు. పిల్లులు లేవు, అడుగులున్నాయి. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మహీధర్ విని, ఒకటి మిగిలిపోయి ఉంటుంది అన్నాడు.

పోశయ్య వెనక్కి తిరిగి హాల్లోకి పోయాడు. ఈ మనిషితో వాదించడం కన్నా గడ్డకట్టిన మంచును గోళ్ళతో తవ్వడం తేలిక అనిపించింది. నెలాఖరు ఇంకా నాలుగు రోజులుంది. జమీలాబీ టికెట్టు అప్పటికే ఆఫీసు సొరుగులో ఉంది.

ఆ రోజంతా పార పడుతూ ఆలోచించాడు. వేడి వల్ల చెడింది, కాబట్టి వేడి అడుగుదాకా పోకూడదు. శనివారం శుభ్రపనివాళ్ళ అలమరా నుంచి అద్దాలు తుడిచే స్ప్రే సీసా ఒకటి అడగకుండా తీసుకున్నాడు. మంచి అడుగు చూసుకుని దాని మీద మంచినీళ్ళు సన్నగా, ముక్కుపొడి చల్లినంత, చల్లాడు. ఆగాడు. అది అద్దంలా గడ్డకట్టింది. మళ్ళీ చల్లాడు. అలా ఆరుసార్లు. అడుగుకు లోపలివైపు గాజు పెంకులాంటిది ఏర్పడింది. పీఓపీని మంచు కలిపిన నీళ్ళతో చిక్కగా కలిపి, ఒక పలచని పొర పోసి, అది చల్లారాక ఇంకొకటి, తరువాత ఇంకొకటి. షాహబాజ్‌ను చెయ్యి పట్టుకుని తెచ్చి పక్కన నిలబెట్టుకున్నాడు, ఇంకెవరూ తొట్టి ఎత్తకుండా. మోకాళ్ళు మొద్దుబారిపోయాయి. గంటన్నర తరువాత ఎత్తితే, అరచేతిలో పట్టేంత నక్క కాలు వచ్చింది, నాలుగు వేళ్ళు, నాలుగు గోళ్ళు, కింద వెంట్రుకల గీతలతో సహా.

మహీధర్ ఈసారి నవ్వలేదు. చాలాసేపు చూశాడు. గోళ్ళ మీద వేలు పెట్టి చూసుకున్నాడు. పిల్లికి గోళ్ళు ఇలా పడవు కదా, మా అమ్మాయి స్నిగ్ధ పెంచే పిల్లి సోఫా మీద నడిస్తే గీతే పడదు అన్నాడు. ఇంట్లో పిల్లి ఉందన్నమాట. ఇన్ని రోజులూ ఇంట్లో పిల్లిని పెట్టుకుని, దాని కాలొకసారి చూసి ఉంటే తేలిపోయేదానికి, తన చేత మంచులో దేకించాడు. అయినా ఆ మాట అనే మొహం పోశయ్యకు లేదు. తానూ ఒకప్పుడు వంగలేదు కదా.

"నమ్మానయ్యా. నక్కే. కానీ మెయిల్లో నీ పేరే ఉంది. నువ్వు పరిశీలించి చెప్పావనే రాశాను. ఇప్పుడు మార్చాలంటే ఎందుకని అడుగుతారు" అన్నాడు మహీధర్.

ఒక దారి అతనే చెప్పాడు. మంచు చెదిరి ఉండడం వల్ల అడుగు సరిగా పడలేదు, అందుకని పొరబడ్డాడు అని రాద్దాం, నీ పేరుకేమీ కాదు అన్నాడు. పోశయ్య ప్రాణం లేచొచ్చింది. ఆ మాట ఎవరైనా నమ్ముతారు, అడవిలో ఎంతటివాడికైనా అలా జరుగుతుంది. అలా రాస్తే జమీలాబీ టికెట్టు ఆగుతుందా అని అడిగాడు. మహీధర్ అబద్ధం చెప్పలేదు. ఆగదు, అప్పుడు అది అనుమానం కింద ఉంటుంది, ఆ రోజు పిల్లి, ఈ రోజు నక్క, రెండూ వచ్చాయంటారు, తిండి పెట్టిన మాట ఎలాగూ నిజమే కదా అన్నాడు.

"ఆగాల్నంటే ఏం రాయాలె సార్?"

మహీధర్ కంప్యూటర్లో పాత మెయిల్ తెరిచాడు. "ఆ రోజు నువ్వసలు చూడలేదని రాయాలి. అలాగైతేనే మొదటి రిపోర్టు మొత్తం కొట్టేస్తారు. కానీ చూడకుండా చూశానన్నావని నీకు వార్నింగ్ లెటరొస్తుంది. వచ్చే నెల షిఫ్టు ఇన్‌ఛార్జిగా నీ పేరు పంపాను, అది కూడా పోద్ది. ఇంతకీ చూశావా, లేదా?"

ఆ ప్రశ్న మహీధర్ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడని పోశయ్యకు తెలుసు. చూశానంటే ఎవరూ కాదనలేరు. ఆ అడుగుల్ని అతనే చదును చేశాడు. అడవిలో ఆఫీసర్లు తన వెనక నడిచిన రోజులు, హాల్లో అందరూ పోశయ్య చెప్పాడంటే అంతే అనే మాట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"సూడలే సార్" అన్నాడు. "నడుం నొస్తుండె. వంగలే. దూరంకెల్లే పిల్లి అన్న. గట్లనే రాయుండ్రి, సంతకం వెడ్త."

మహీధర్ ఇంగ్లీషులో కొట్టి, తెలుగులో చదివి వినిపించాడు. పోశయ్య సంతకం పెట్టాడు. సోమవారం మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. జమీలాబీ క్యాన్సిల్ ఆగిపోయింది, పిల్లులకు తిండి పెట్టినందుకు ఒక హెచ్చరికతో సరిపెట్టారు. షట్టరుకి ఇనుప జాలీ వేయించమన్నారు. పోశయ్యకు వార్నింగ్ లెటరు, ఇన్‌ఛార్జి పేరు వెనక్కి. ఆ లెటరును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, పన్నెండు రోజుల తరువాత మొదటిసారి బూట్ల గదికి వెళ్ళాడు.

జమీలాబీ బకెట్టు ముందు కూర్చుని అద్దె బూట్లు తుడుస్తోంది. ఆమె ముఖం కళకళలాడుతోంది. సారు చెప్పినాడని, ఇప్పుడే కూతురికి ఫోన్ చేసినానని, అది ఏడ్చిందని గడగడా చెప్పింది. ఆఫీసులో నువ్వు రోజూ నక్క, నక్క అని కొట్లాడుతున్నావని గుమాస్తా చెప్పగా ఎప్పుడో విన్నానంది. ఫోటోలనీ, పిండి ముద్దలనీ నువ్వు పడిన పాట్లు కూడా విన్నానంది.

"నా కోసరం అంత అబద్ధం ఆడినావే అన్నా. అల్లా నిన్ను సల్లగా చూడాల."

పోశయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాడు.

"అబద్దం గాదు చెల్లె. నిజంగనే నక్క. పిల్లి అన్న సూడు, గదే అబద్దం. గా దినం నేను వంగి సూడలే."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. అతని ముఖంలోకి చూసింది, హాస్యమాడుతున్నాడేమోనని.

"అయితే పిల్లులు లోపలికి రాలేదా?"

"ఒక్కటి గూడ రాలే."

జమీలాబీ గుడ్డను బకెట్టు అంచున పెట్టింది. తరువాత తనలో తాను చెప్పుకున్నట్టు మెల్లగా చెప్పింది. గురువారం బోనులు తెచ్చినవాళ్ళకు పిల్లులు చిక్కలేదట. కంటైనరు కింద దూరి గంటసేపు బయటికి రాలేదట. వాళ్ళు విసుగుపుట్టి వెళ్ళిపోబోయారట.

"నేనే ఆపినా వాళ్ళను. పోశయ్యన్న చూడకుండా చెప్పడు గదా, తప్పు వీటిదే అనుకున్నా. నువ్వేమో నన్ను కాయడానికి అబద్ధాలాడి ఇరుక్కుంటాన్నావని భయమేసింది. ఇవి పోతే అన్నీ సద్దుకుంటాయిలే అని, ఆడ కూర్చోని పిలిచినా."

అవి ఎక్కడికి పోయాయో అడుగుదామని పోశయ్య నోరు తెరిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తనకూ తెలియదు.

"నేను పిలిస్తే అయిదూ వచ్చినాయన్నా" అంది.